కుప్పంలో పేజీ ఏ భాషలో తెరుచుకోవాలి?

ఆంధ్రప్రదేశ్ పటంలో నైరుతి కొసన, కర్ణాటకకూ తమిళనాడుకూ మధ్యలోకి చొచ్చుకుపోయిన ముక్క కుప్పం. ఒక పక్క కోలారు బంగారు గనుల ప్రాంతం, ఇంకో పక్క కృష్ణగిరి. చెన్నై–బెంగళూరు రైలు మార్గం ఊళ్లోంచే పోతుంది. అంగడిలో తెలుగులో మొదలైన బేరం తమిళంలో సాగి కన్నడంలో తెగినా ఇక్కడ ఎవరూ తల తిప్పి చూడరు. ఉర్దూ మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి. దక్షిణాది భాషల అధ్యయనం కోసం 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడే పెట్టారు. అందులో పొరుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయి కలిపాయి.

ఇలాంటి ఊళ్లో ఒకరు ఫోను తీసి ఏదో వెబ్‌సైటు తెరిచారు. ఆ సైటు వాళ్లను ఏ భాషలో పలకరించాలి?

వెబ్ అప్లికేషన్లు కట్టేవారు ఈ చిక్కును మల్టీలింగ్వల్ రూటింగ్ అంటారు. బ్రౌజరు పంపిన చిరునామా చూసి ఏ పేజీ ఇవ్వాలో సర్వరు తేల్చుకోవడమే రూటింగ్. ఒకే భాష ఉన్న సైటుకు అది తేలిక. భాషలు రెండయ్యేసరికి ప్రతిసారీ రెండు సంగతులు తేలాలి: అడిగిన విషయం ఏది, కావలసిన భాష ఏది. మొదటిదానికి జవాబు చిరునామాలో ఉంటుందని అందరూ ఒప్పుకుంటారు. రెండోదానికి జవాబు ఎక్కడుండాలి? మనిషి ఉన్న చోటులోనా, ఫోను సెట్టింగుల్లోనా, బ్రౌజరు దాచుకున్న గుర్తులోనా, చిరునామాలోనేనా? పాతికేళ్లుగా ఈ నాలుగూ వాడుకలో ఉన్నాయి. వాటి బలాబలాలు తూచడానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్న ఈ సరిహద్దు పట్టీ కంటే మంచి చోటు దొరకడం కష్టం.

చేతికందే ఉదాహరణగా టమాటా ధరలు చెప్పే ఒక అప్లికేషన్ అనుకుందాం. మదనపల్లె టమాటా మార్కెట్ దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. 2023 జూలై ఆఖరున ఇక్కడ కిలో టోకు ధర దాదాపు 200 రూపాయలు పలికినప్పుడు దేశమంతా ఈ ఊరి పేరు వార్తల్లో చదివింది. సరుకు తెచ్చేది మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల పల్లెల రైతులు. కొనేవారిలో తమిళనాడు నుంచి, ఇంకా దూరపు రాష్ట్రాల నుంచి వచ్చే వ్యాపారులుంటారు. ధర ఒక్కటే. దాన్ని చదివే భాషలు తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ, ఇంగ్లీషు. అంటే ఒకే పేజీకి ఐదు రూపాలు.

ఈ ప్రాంతానికి కంప్యూటరు సమాచారం కొత్త కాదు. 2002లో హ్యూలెట్-పకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ అనే మూడేళ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. సౌరశక్తితో నడిచే ప్రింటరు, డిజిటల్ కెమెరా ఇచ్చి మహిళలను ఊరి ఫొటోగ్రాఫర్లుగా తయారుచేశారు. అప్పటికి తెలుగు వెబ్ ఇంకా ఎవరి ఫాంటు వారిదిగా ఉంది. ఒక పత్రిక సైటు చదవాలంటే ఆ పత్రిక ఫాంటు దించుకోవాలి. అయినా అలాంటి కేంద్రంలో భాష పెద్ద అడ్డంకి కాదు. కౌంటరు వెనక కూర్చున్న మనిషి వచ్చినవారి మాట విని, వారి భాషలోనే విషయం చెప్పగలడు. రూటింగ్ పని అతనిదే. ఇప్పుడు ఆ మనిషి మధ్యలో లేడు. ఫోను, సర్వరు ఎదురెదురుగా ఉన్నాయి. అతను ఒక్క పలకరింపుతో తేల్చిన సంగతిని సర్వరు ఏదో ఒక ఆధారంతో తేల్చాలి.

నాలుగు ఆధారాల్లో అన్నిటికంటే బలహీనమైనది మనిషి ఉన్న చోటు. ఐపీ అడ్రసును బట్టి ఊరు ఊహించి, ఊరిని బట్టి భాష ఊహించడం ఈ పద్ధతి. మొబైల్ డేటా ఇంటర్నెట్‌లోకి చేరేది కొన్ని పెద్ద నగరాల్లోని గేట్‌వేల ద్వారా. అందువల్ల ఐపీ జాబితాలు ఊరికి బదులు ఆ నగరం పేరు చెబుతాయి. కుప్పంలో కూర్చున్నవారిని సైటు బెంగళూరు మనిషిగానో చెన్నై మనిషిగానో లెక్కవేసే వీలుంది. సరే, ఊరు కచ్చితంగా తెలిసిందనే అనుకుందాం. కుప్పం అని తెలిస్తే ఏ భాష అని తేలుతుంది? ఏదీ తేలదు. తమిళనాడులోని హోసూరులో తెలుగు మాట్లాడేవారు, కర్ణాటకలోని కోలారులో తెలుగు మాట్లాడేవారు, కుప్పంలో తమిళం మాట్లాడేవారు ఉన్నంతకాలం పటం మీది గీతను భాషా సరిహద్దుగా తీసుకోవడం తప్పే. కరెన్సీకి, సరుకు రవాణా ఛార్జీలకు చోటు పనికొస్తుంది, భాషకు పనికిరాదు.

రెండోది కాగితం మీద చాలా అందమైన ఏర్పాటు. బ్రౌజరు ప్రతి అభ్యర్థనతో పాటు ‘యాక్సెప్ట్-లాంగ్వేజ్’ అనే శీర్షిక పంపుతుంది. అందులో వాడేవారి భాషలు ఇష్టం తగ్గే వరుసలో, సున్నాకూ ఒకటికీ మధ్య మార్కులతో ఉంటాయి: భారతీయ తెలుగు మొదటిది, మామూలు తెలుగు 0.9, ఇంగ్లీషు 0.8 అన్నట్టు. 1997 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2068, అంటే హెచ్‌టీటీపీ 1.1 తొలి ప్రమాణం, దీన్ని వివరించింది. ఆ జాబితాను సైటు దగ్గరున్న భాషలతో ఎలా సరిపోల్చాలో 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4647 చెబుతుంది: భారతీయ తెలుగు లేకపోతే చివరి ముక్క తీసేసి ఉత్త తెలుగు ఉందేమో చూడు, అదీ లేకపోతే తర్వాతి భాషకు వెళ్లు. తర్కం శుభ్రంగా ఉంది.

చిక్కల్లా ఫోను అబద్ధం చెప్పడంలో ఉంది. కొన్న రోజు దుకాణంలో ఇంగ్లీషులో పెట్టి ఇచ్చిన ఫోను ఎన్నాళ్లయినా అలాగే ఉండిపోతుంది. ఇంట్లో తెలుగు తప్ప వినపడని మనిషి ఫోను కూడా సర్వరుకు ‘భారతీయ ఇంగ్లీషు’ అని చెబుతుంది. గూగుల్, కేపీఎంజీ 2017లో కలిసి వెలువరించిన నివేదిక 2016 నాటికి దేశంలో భారతీయ భాషల ఇంటర్నెట్ వాడకందారులు 23.4 కోట్లు, ఇంగ్లీషువారు 17.5 కోట్లు అని అంచనా వేసింది. ఫోన్ల సెట్టింగులను మాత్రమే నమ్మి కట్టిన సైటుకు ఈ పెద్ద గుంపు కనిపించదు. ఆ పైన తెలుగు పేజీలు ఎవరూ చూడడం లేదు కాబట్టి తెలుగు ఎందుకనే వాదన గణాంకాలతో సహా తయారవుతుంది. ఇది విష వలయం. ఈ శీర్షికను సూచనగా వాడుకోవచ్చు, తీర్పుగా వాడకూడదు.

మూడోది కుకీ. ఒకసారి తెలుగు ఎంచుకుంటే బ్రౌజరు గుర్తుంచుకుంటుంది; చిరునామా మాత్రం ఐదు భాషలకూ ఒకటే. కట్టేవాడికి ఇదే సులువు, అందుకే లెక్కలేనన్ని సైట్లు ఇలాగే ఉన్నాయి. దీని లోపం లింకు పంచుకున్నప్పుడు బయటపడుతుంది. పుంగనూరు రైతు తెలుగులో చూస్తున్న ధర పేజీని వాట్సాప్‌లో బావమరిదికి పంపాడు. అవతలి ఫోనులో ఆ కుకీ లేదు కాబట్టి పేజీ ఇంగ్లీషులో తెరుచుకుంటుంది. లింకు కింద వచ్చే చిన్న ప్రివ్యూ కూడా కుకీ లేకుండానే తయారవుతుంది కనుక అదీ ఇంగ్లీషే. “నువ్వు చూసింది నాకు కనపడడం లేదు బావా” అనే మాట ఇక్కడ పుడుతుంది. సెర్చ్ ఇంజన్ల సంగతి మరీ కష్టం. సెర్చ్ కోసం పేజీలు సేకరించే గూగుల్ క్రాలరు యాక్సెప్ట్-లాంగ్వేజ్ శీర్షిక పంపకుండానే పేజీలు అడుగుతుందనీ, భాషకో చిరునామా పెట్టమనీ, కుకీల మీద ఆధారపడవద్దనీ గూగుల్ తన మార్గదర్శకాల్లోనే చెబుతోంది. కుకీ మీద నడిచే సైటులోని తెలుగు పేజీ ఆ క్రాలరుకు లేనట్టే.

మిగిలింది చిరునామా. భాషను చిరునామాలోనే రాసేస్తే లింకు ఎక్కడికి వెళ్లినా భాష వెంట వెళుతుంది, సెర్చ్‌కు దొరుకుతుంది, బుక్‌మార్కులో నిలుస్తుంది. ఈ విషయంలో ఇప్పుడు నిపుణుల మధ్య పెద్ద తేడా లేదు. తేడా అంతా చిరునామాలో భాష ఎక్కడ కూర్చోవాలన్న దాని మీదే.

మూడు చోట్లున్నాయి. సైటు పేరుకు ముందు పెట్టవచ్చు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి అలాగే నడుస్తోంది. ‘టీఈ’ అనే రెండక్షరాల సంకేతం, చుక్క, ఆ తర్వాత వికీపీడియా పేరు. వార్తా సైట్లలో ‘సమయం’, వన్‌ఇండియా సంకేతానికి బదులు ‘తెలుగు’ అనే మాటనే పూర్తిగా ఇంగ్లీషు అక్షరాల్లో ముందు పెట్టుకున్నాయి. రెండో చోటు సైటు పేరు తర్వాత, గీత పక్కన. 2017 అక్టోబరు 2న మొదలైన బీబీసీ తెలుగు చిరునామా ఇలాంటిదే. మూడోది భాషకో డొమైన్ కొనడం. ఖర్చు ఎక్కువ, మన అవసరానికి అనవసరం.

ముందు పెట్టే పద్ధతి వికీపీడియాకు సరిపోయింది, ఎందుకంటే తెలుగు వికీ వేరే సముదాయం, వేరే నిర్వాహకులు, వేరే వ్యాసాలు. ఇంగ్లీషు వికీలో ఉన్న వ్యాసం తెలుగులో ఉండాలని లేదు, అనువాదమే కావాలనీ లేదు. టమాటా ధరల అప్లికేషన్ అలాంటిది కాదు. ఒకే డేటా, ఒకే లాగిన్, ఐదు ముఖాలు. దానికి సైటు పేరు తర్వాత చిన్న సంకేతం చాలు. ఒకే సర్వరు, ఒకే సర్టిఫికెట్టు, ఒకే కుకీ. చిన్న బృందానికి ఇదే తగినది.

కుప్పం ఉన్న చిత్తూరు జిల్లా ప్రభుత్వ సైటు ఈ దారిలోనే ఉంది. జిల్లాల సైట్ల కోసం జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ఎస్3వాస్ వేదిక మీద నడుస్తుంది. ఇంగ్లీషు పేజీలు నేరుగా మూలం కింద, అంటే ఏ సంకేతమూ లేని సైటు పేరు కింద, తెలుగు పేజీలు ‘టీఈ’ సంకేతం కింద ఉంటాయి. మంచి పనే, తెలుగు పేజీకి సొంత చిరునామా ఉంది, దాన్ని పంచుకోవచ్చు. అయితే ఈ ఏర్పాటులో ఒక భాష గుర్తు లేకుండా ఉంటుంది, ఇంకోదానికి గుర్తు తగిలిస్తారు. మూలం చిరునామా టైపు చేసినవారికి ఇంగ్లీషే ఎదురవుతుంది. అన్ని భాషలకూ సంకేతం పెట్టి, మూలంలో మాత్రం భాష ఎంచుకునే చిన్న పేజీ ఉంచడం ఇంతకంటే న్యాయంగా ఉంటుంది. సాంకేతికంగానూ లాభమే: రేపు ప్రధాన భాష మార్చాలనిపిస్తే ఇంగ్లీషు లింకులన్నీ విరగవు. ఇప్పటికే పేరుకుపోయిన లింకులున్న పాత సైటును తిరగరాయమనడం దండగ. కొత్తగా కట్టేవారు మాత్రం మొదటి రోజే అందరికీ సంకేతం పెట్టుకోవాలి.

సంకేతాల దగ్గర కొన్ని గోతులున్నాయి. తెలుగుకు ‘టీఈ’, తమిళానికి ‘టీఏ’, కన్నడానికి ‘కేఎన్’, ఉర్దూకు ‘యూఆర్’. తెలుగనుకొని ‘టీఎల్’ అని రాస్తే అది ఫిలిప్పీన్స్‌లోని తగలోగ్ భాష. మన దేశం కదా అని చిరునామాలో ‘ఐఎన్’ పెట్టేవారున్నారు. అది దేశపు సంకేతం, భాషది కాదు. పైగా ఆ రెండక్షరాలే ఒకప్పుడు ఇండోనేషియా భాషకు గుర్తు. ఆ తర్వాత దాన్ని ‘ఐడీ’గా మార్చారు. జావా అనే ప్రోగ్రామింగ్ భాష ఆ పాత గుర్తును చాలా ఏళ్లు మోసింది. 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5646 ఈ పేర్లన్నిటికీ వ్యాకరణం రాసిపెట్టింది. దాన్ని పాటిస్తే సొంత తెలివి అక్కర్లేదు. చిరునామాలో దేశం పేరు కలపకుండా ఉత్త భాషా సంకేతం చాలు. భారతీయ తెలుగుకూ మరో దేశపు తెలుగుకూ వేర్వేరు పేజీలు పెట్టేంత పని ఇక్కడెవరికీ లేదు.

ఇక చిరునామాలో తెలుగు అక్షరాలుండాలా అన్నది రుచికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి ఇందులో ఇంజనీరింగే ఎక్కువ. యూనికోడ్‌లో తెలుగు అక్షరం ప్రతిదీ, గుణింతపు గుర్తుతో సహా, యూటీఎఫ్-8లో మూడు బైట్లు. చిరునామాలో పెట్టేటప్పుడు ఒక్కో బైటు శాతం గుర్తుతో మొదలయ్యే మూడు గుర్తులవుతుంది. అంటే ఒక్క తెలుగు అక్షరానికి తొమ్మిది. ‘మదనపల్లె’లో యూనికోడ్ లెక్కన ఎనిమిది సంకేతాలు, పొల్లూ ఎత్వమూ కూడా లెక్కలోకి వస్తాయి. కాపీ చేసి అతికిస్తే ఊరి పేరొక్కటే 72 గుర్తులు. ‘పుంగనూరు’ కూడా అంతే. కుప్పం కాస్త నయం, 54. ఇంగ్లీషు అక్షరాల ఎస్సెమ్మెస్ ఒక ముక్కలో పట్టేదే 160. బ్రౌజరు పట్టీలో చక్కగా తెలుగులో కనిపించిన లింకు వాట్సాప్‌లోకి వచ్చేసరికి శాతం గుర్తుల గోడలా మారడం తెలుగు వికీపీడియా లింకు పంపిన ప్రతివారికీ అనుభవమే.

పొడవు మాత్రమే సమస్య అయితే సర్దుకుపోవచ్చు. ఒకే మాటను కంప్యూటరు రెండు రకాలుగా దాచుకోగలగడం అసలు ప్రమాదం. ఐత్వాన్నే చూడండి. యూనికోడ్‌లో దానికి సొంత సంకేతం ఉంది. ఎత్వానికి ఐత్వపు కింది గుర్తును జోడించినా అదే అక్షరం వస్తుంది. కంటికి తేడా లేదు, సర్వరుకు రెండూ వేరు. అలాగే ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లును విడదీసి చూపడానికి కీబోర్డు పెట్టే కనిపించని విభజన గుర్తు. ఒకరి కీబోర్డు పెడుతుంది, ఇంకొకరిది పెట్టదు. ఫలితం ఒకరికి పేజీ, ఇంకొకరికి ‘దొరకలేదు’ అనే సందేశం. దీనికి మందు ఉంది: వచ్చిన చిరునామాను ముందుగా యూనికోడ్ సూచించే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చడం. అది ఐత్వపు సంగతి చూసుకుంటుంది కానీ కనిపించని గుర్తును ముట్టుకోదు. దాన్ని విడిగా తీసేసి వెతకాలి. ఈ రెండు వరుసల కోడు రాయని సైటు తెలుగు చిరునామాల జోలికి పోకపోవడం మేలు.

బీబీసీ తెలుగు ఈ తలనొప్పి మొత్తాన్ని పక్కకు నెట్టింది. వ్యాసం చిరునామాలో తెలుగు మాటా ఉండదు, ఇంగ్లీషు అనువాదమూ ఉండదు. అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు ఉంటుంది. చూడడానికి అందంగా ఉండదు కానీ విరగదు. వికీపీడియాది ఎదురు మార్గం: శీర్షికే చిరునామా. రెండింటి మధ్య ఒక రాజీ ఉంది. చిరునామాలో మారని సంఖ్య ఒకటి, దాని పక్కన చదువుకోవడానికి వీలుగా మాట ఒకటి. సర్వరు సంఖ్యను మాత్రమే చూస్తుంది. మాట తప్పుగా వచ్చినా, పాతదైనా, సంఖ్యను బట్టి సరైన పేజీ తెరిచి సరైన చిరునామాకు మళ్లిస్తుంది. టమాటా అప్లికేషన్‌కు ఇదే సరి.

మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే గొడవే లేదనుకునేవారికి మన ఊళ్ల పేర్లే జవాబు. మదనపల్లె చివర ‘ఈ’ పెట్టేవారున్నారు, ‘ఐ’ పెట్టేవారున్నారు. పుంగనూరు చివరి ఉకారం కొందరు రాస్తారు, కొందరు వదిలేస్తారు. చిరునామా ఊరి పేరు మీద ఆధారపడితే ఈ రూపాలన్నిటినీ పట్టిక రాసి ఒకదానికి మళ్లించాల్సి వస్తుంది.

సైటు పేరు కూడా తెలుగులోనే ఉండాలనుకునేవారికి ‘.భారత్’ ఉంది. 2011లో తెలుగుతో సహా ఏడు భారతీయ భాషల రూపాలు ఇంటర్నెట్ మూల పట్టికలో చేరాయి. లోపల మాత్రం అది పనీకోడ్ అనే ఇంగ్లీషు అక్షరాల వేషంలోనే తిరుగుతుంది. ప్రచారానికి బాగుంటుంది. దాని మీదే ఆధారపడి సైటు నడపాలంటే ఇంకా ఆగాలి; ఈమెయిల్ పెట్టెలు, పాత దరఖాస్తు ఫారాలు అలాంటి పేర్లను తిరస్కరించడం నేటికీ మామూలే.

ఒకే పేజీకి ఐదు చిరునామాలు ఏర్పడ్డాక అవి ఒకదానికొకటి చుట్టాలని సెర్చ్ ఇంజన్‌కు చెప్పాలి. ఇందుకు గూగుల్ 2011 డిసెంబరులో ‘హెచ్‌రెఫ్‌లాంగ్’ అనే గుర్తును ప్రవేశపెట్టింది. ఏ భాషకూ చెందని ఎంపిక పేజీ కోసం 2013లో ‘ఎక్స్-డిఫాల్ట్’ చేర్చింది. నియమం ఒకటే, కఠినమైనది: చుట్టరికం రెండు వైపులా ఒప్పుకోవాలి. తెలుగు పేజీ తమిళ పేజీని చూపి, తమిళ పేజీ తెలుగును చూపకపోతే ఆ మాట చెల్లదు. ఐదు భాషలంటే తనను తాను చూపుకోవడంతో కలిపి ఒక్కో విషయానికి 25 ప్రకటనలు. చేత్తో రాస్తే తప్పడం ఖాయం. వికీపీడియాకు ఇది ముందే అనుభవంలోకి వచ్చింది. ఒకప్పుడు కుప్పం లాంటి ఊరి వ్యాసానికి ఉన్న భాషా లింకులను ప్రతి వికీలోనూ విడిగా రాసేవారు, బాట్‌లు వాటిని సరిచేస్తూ తిరిగేవి. 2012 అక్టోబరులో వికీడేటా వచ్చింది; 2013 మార్చికల్లా అన్ని వికీపీడియాలూ భాషా లింకులను అక్కడి నుంచే తీసుకోగలిగాయి. విషయానికి ఒక సంఖ్య, ఆ సంఖ్య కింద అన్ని భాషల శీర్షికలు. అప్లికేషన్ డేటాబేసులోనూ అదే చేయాలి: పట్టికలో భాష, మాట అనే జంట ఒక పేజీ సంఖ్యను చూపాలి. లింకులన్నీ ఆ పట్టిక నుంచే పుట్టాలి.

మళ్లింపుల దగ్గర తొందరపాటు ఖరీదైనది. మూలం చిరునామాకు వచ్చినవారిని తెలుగు పేజీకి పంపేటప్పుడు 301 సంకేతం వాడితే అది శాశ్వతమని బ్రౌజరు గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఆ మనిషి తమిళం ఎంచుకున్నా మూలం కొట్టగానే మళ్లీ తెలుగే. అక్కడ తాత్కాలికమని చెప్పే 302 వాడాలి. మధ్యలో పేజీల నకళ్లు దాచి ఇచ్చే క్యాషె ఉంటే ఇంకో జాగ్రత్త. ఒకే చిరునామా మీద భాషను బట్టి వేర్వేరు పేజీలిస్తూ ‘వేరీ’ శీర్షికలో ఆ సంగతి చెప్పకపోతే, మొదట వచ్చిన తమిళ వ్యాపారి పేజీయే తర్వాత వచ్చిన రైతులందరికీ వెళుతుంది. భాష చిరునామాలో ఉన్నప్పుడు ఈ బెడద మూలం పేజీకే పరిమితం. లోపలి పేజీల్లో మాత్రం ఎవరినీ బలవంతంగా మళ్లించకూడదు. తెలుగు లింకు నొక్కి వచ్చిన మనిషి ఫోను ఇంగ్లీషులో ఉందని ఇంగ్లీషు పేజీకి తోయడం, వారు అడిగినదాన్ని కాదనడమే.

సైట్లు కట్టే పరికరాల, అంటే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ల, సంగతి క్లుప్తంగా. జాంగోలో 2012 నాటి 1.4 నుంచి ‘ఐ18ఎన్ ప్యాటర్న్స్’ ఉంది. ముందు చిరునామా, తర్వాత కుకీ, ఆపైన యాక్సెప్ట్-లాంగ్వేజ్, చివరికి సైటు సెట్టింగు అనే దాని వరుస మన అవసరానికి దాదాపు అతికినట్టు సరిపోతుంది. సింఫనీ 2018లో 4.1తో భాషకో మార్గం రాసుకునే వీలు కల్పించింది. నెక్స్ట్ జేఎస్ 2020లో పదో వెర్షన్‌తో భాషా రూటింగ్‌ను తనలోనే పెట్టుకుంది. ఆ తర్వాత వచ్చిన యాప్ రూటర్‌లో మాత్రం అది లేదు, మిడిల్‌వేర్ మనమే రాసుకోవాలి లేదా విడి లైబ్రరీ తెచ్చుకోవాలి. ఫ్రేమ్‌వర్క్ ఇచ్చే సౌకర్యం వస్తుంది, పోతుంది. డేటాబేసులోని పట్టిక మన చేతిలో ఉంటే ఏది మారినా నష్టం తక్కువ.

ఈ ఫ్రేమ్‌వర్క్‌లన్నీ పుట్టిన చోట ఊహించని ప్రశ్న ఒకటి కుప్పంలో ఎదురవుతుంది. తమిళ పేజీ ఇంకా తయారు కాలేదు. తమిళం ఎంచుకున్నవారికి ఏం చూపాలి? చాలా సైట్లలో అలవాటుగా పెట్టే జవాబు ఇంగ్లీషు. ఇంట్లో తమిళం మాట్లాడినా తెలుగు బడిలో చదువుకున్నవారికి తర్వాతి భాష తెలుగే. ఉర్దూ ఇంటికీ చాలాసార్లు అంతే. ప్రత్యామ్నాయ భాష ఏదో ప్రతి భాషకూ విడిగా రాసుకోవాలి. చాలా లైబ్రరీలు అందుకు వీలు ఇస్తాయి, ఎవరూ వాడుకోరు. చూపేటప్పుడు నిజాయితీ ముఖ్యం. తమిళ చిరునామా కింద తెలుగు పాఠం గుట్టుగా పెట్టకూడదు. ‘ఈ పేజీ తమిళంలో ఇంకా లేదు, తెలుగులో ఉంది’ అని తమిళంలో ఒక వాక్యం రాసి, తెలుగు చిరునామాకు లింకు ఇవ్వాలి. బ్రౌజరులోనే పేజీని అనువదించి చూపే ప్లగిన్‌లతో ఈ ఖాళీలు పూడుస్తామనేవారున్నారు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు చేరింది 2011లో, ప్రభుత్వ అనువాద వేదిక భాషిణి వచ్చింది 2022లో. అనువాదం నాణ్యత పెరుగుతూనే ఉంది. కానీ పేజీ తెరిచాక కళ్ల ముందు జరిగే అనువాదానికి చిరునామా ఉండదు, సెర్చ్‌లో దొరకదు. అదే యంత్రానువాదాన్ని సర్వరులో దాచి, మనిషి చూసి సరిదిద్ది, సొంత చిరునామా మీద పెడితే అది వేరే విషయం.

ఉర్దూను చివర చేర్చుకుందాంలే అనుకోవడం మరో పొరపాటు. 2022లో చట్ట సవరణతో ఆంధ్రప్రదేశ్ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. మదనపల్లె మార్కెట్ పేజీకి అది అలంకారం కాదు. కుడి నుంచి ఎడమకు సాగే లిపి కాబట్టి సంకేతం ‘యూఆర్’ అని తేలిన క్షణమే పేజీ మొత్తం దిశ మారాలి: బాణాలు, పట్టికల వరుసలు, మెనూ అన్నీ. రూటింగ్ దశలోనే భాషతో పాటు దిశను కూడా తేల్చి పేజీ మూల ట్యాగులో రాయాలి. ఒకే పేజీలో లోపలి భాగాలు మార్చుకుంటూ పోయే నేటి అప్లికేషన్లలో భాష మారినా ఆ మూల ట్యాగులోని భాషా సంకేతం మారకుండా ఉండిపోవడం తరచుగా జరిగే తప్పు. చూపున్నవారికి అది తెలియదు. స్క్రీన్ రీడరు వాడే అంధులకు మాత్రం తెలుగు పాఠాన్ని ఇంగ్లీషు గొంతు చదవబోయి తడబడడం వినిపిస్తుంది.

భాష మార్చే బొత్తాం గురించి రెండు మాటలు. జెండా బొమ్మలు వద్దు. ఈ ఐదు భాషల్లో నాలుగింటికి ఒకే జెండా. ప్రతి భాష పేరూ దాని సొంత లిపిలోనే ఉండాలి, ఎందుకంటే తమిళం మాత్రమే చదవగలిగినవారికి ఇంగ్లీషులో రాసిన ‘తమిళం’ కనిపించినా లాభం లేదు. ఆ పేరు మెనూ అడుగున మూడు నొక్కుల దూరంలో కాకుండా పేజీ పైనే ఉండాలి.

వెబ్ చిరునామాలు లేని చోట కూడా ఈ లెక్క మారదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో మొదలుపెట్టిన ‘మన మిత్ర’ వాట్సాప్‌లో నడుస్తుంది. సంభాషణలో చిరునామా ఉండదు కనుక అలాంటి సేవ మనిషి భాషను ఫోను నంబరు పక్కన రాసుకోవాల్సిందే. అక్కడా సరైన దారి ఒకటే: ఊహించకుండా ఒకసారి అడగడం, చెప్పింది గుర్తుంచుకోవడం, ఎప్పుడైనా మార్చుకోనివ్వడం.

ఇంత చేసిన సైట్లు కూడా ఒక చోట బోల్తా కొడుతున్నాయి. లోపలెక్కడో ఒక పేజీ చదువుతూ భాష మారిస్తే సైటు ఆ పేజీ వేరే భాషా రూపాన్ని చూపకుండా మొదటి పేజీకి విసిరేస్తుంది. పేజీ సంఖ్య కింద భాషల పట్టిక లేకపోవడమే దీనికి కారణం, దాన్ని కట్టడానికి ఒక వారం పని కూడా పట్టదు. మదనపల్లె, కుప్పం ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏటా ప్రాజెక్టు కోసం సైట్లు కట్టే విద్యార్థులు ఈ ఒక్క పరీక్షను తమ సైటుకు పెట్టాలి: ఐదో లోతులో ఉన్న పేజీ తెరిచి, భాష మార్చి, ఆ లింకును వేరే భాషలో ఉన్న స్నేహితుడి ఫోనుకు పంపండి. పంపిన పేజీ, పంపిన భాషలోనే తెరుచుకుంటే రూటింగ్ సరిగా ఉన్నట్టు.